పది మార్కుల పేపర్

డీఎస్సీకి చదువుతున్న మా మేనకోడలు మొన్న మల్లాపూర్ వచ్చింది. బల్ల నిండా గైడ్లు పరిచింది. అన్నిటికన్నా పలచగా ఉన్నది విద్యా దృక్పథాలది. "ఎనభైల పది మార్కులే గదా మామా. బిట్లు బట్టీ పడితే అయిపోతది" అంది.

తప్పు పట్టబుద్ధి కాలేదు. కొఠారీ కమిషన్ 1964–66, విద్యాహక్కు చట్టం 2009, అమలు 2010 ఏప్రిల్ 1. పరీక్ష అడిగేది ఇంతే. మా బీఎడ్ ఒక్క ఏడాదిది, ఇప్పుడు రెండేళ్లు. మేమూ సంవత్సరాలే కంఠస్థం చేశాం. ఆ పేపర్‌లో అసలున్నదేమిటో నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాక, ఒక బీడీల చేట ముందర.

లెక్కల సారుగా నా తొలి ఏళ్లు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె హోంవర్క్ చేసుకొచ్చేది కాదు, మొదటి పీరియడ్‌లోనే తూగేది. గోడకుర్చీ వేయించాను. రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. ఒకనాటి సాయంత్రం, తల్లిదండ్రులను నిలదీద్దామనే వాళ్లింటికి పోయాను. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పిల్ల తడిపిన తునికాకు కత్తిరిస్తోంది. తెల్లారి వెయ్యి అప్పజెప్పాలట. కట్టకు ఇరవై అయిదు.

"ముప్పై ఒక్క కట్టలైనయి. ఇంక తొమ్మిది. రెండు వందల ఇరవై అయిదు చుట్టాలె" అంది పిల్ల, చేతిలో కత్తెర ఆపకుండానే. బడిలో ఎక్కం అడిగితే తలవంచుకునే పిల్ల.

కార్ఖానాలో పిల్లలతో పని చేయించొద్దని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం చెప్పేది. కానీ ఇంటి వాకిలి కార్ఖానా కాదు గదా.

చాలా కాలం తర్వాత బ్రెజిల్ సంగతి చదివాను. రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లల మీద 1985లో వచ్చిన పరిశోధన అది. పరిశీలించింది అయిదుగురినే. అమ్మే చోట నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అలాంటి లెక్కలే కాగితం మీద వేసిస్తే 37 దాటలేదు. అది చదువుతుంటే మా పిల్ల కత్తెర చప్పుడే చెవిలో పడింది.

గైడ్‌లో దొరకనివి మన చుట్టే ఉన్నాయి. మా మండలంలోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు నమ్ముకున్న ఇంటి పిల్లవాడు ఆ ఏడు ఏ మొహంతో బడికొచ్చాడో హాజరుపట్టీలో ఉండదు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిచిన నెల పిల్లలు ఒక తీరు, ఆగిన నెల ఇంకో తీరు. అక్కడ పాఠం చెప్పబోయేవాళ్లకు బోధనా పద్ధతులు ఎంత అవసరమో ఈ ఎరుక కూడా అంతే అవసరం.

అయితే ఈ చదువును సగం చదివితే మొదటికే మోసం. స్టాఫ్‌రూముల్లో ఎన్నిసార్లు విన్నానో: "బీడీల ఇంటి పిల్ల సారూ, గంతే." కొట్టే సారు కన్నా ఈ జాలి సారే ప్రమాదమని నాకు అనిపిస్తుంది. కొట్టే సారు ఆ పిల్లకు చదువొస్తుందని ఇంకా నమ్ముతున్నాడు. ఈయన ఆ ఆశే వదిలేశాడు. శాంతా సిన్హా నడిపిన ఎంవీ ఫౌండేషన్ ఈ మాట మీదే తిరగబడింది. బీదవాళ్లకు చదువు మీద ఆశ లేదనడం అబద్ధమనీ, బడే వాళ్లకు అందకుండా ఉందనీ వాదించింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి బడిలో చేర్పించింది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. అది కూడా ఇప్పుడు గైడ్‌లో ఒక బిట్టే.

ఇదంతా విని మేనకోడలు పెన్ను మూసింది. "మరి ఆ పిల్ల హోంవర్క్ సంగతేం చేసిండ్రు మామా?"

"ఆఖరి పీరియడ్‌ల ఇరవై నిమిషాలు తీసిన బిడ్డా. బడిలనే చేయించిన."

"హెడ్‌మాస్టర్ ఊకున్నడా?"

"ఊకోలే. ఆటల పీరియడ్ కదా అది, పీఈటీ సారు గూడ నెల రోజులు నాతోటి మాట్లాడలే."