వంశం నిలబెట్టే చేతులు

మా ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలో గొర్రెల మంద ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త తెలుసు. సొంత మందలో పుట్టిన పొట్టేలునే ఏళ్ల తరబడి ఉంచుకుంటే పిల్లలు నీరసపడతాయి. అందుకని రెండు మూడేళ్లకోసారి వేరే మంద నుంచి పొట్టేలును తెచ్చుకోవాలి. కళ్ల చుట్టూ, మూతి మీద నల్లమచ్చలున్న జొడిపి, తెల్లటి పల్ల, గోధుమరంగు దొర అని నెల్లూరు గొర్రెలో మూడు రకాలు నిలిచాయంటే, తరతరాలుగా జతను ఎంచిన కళ్ల చలవే.

ఇదే విద్యను వేలెడైనా లేని చేప మీద నడిపేవాళ్లున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట్ల జన్యుపరిశోధన కోసం పెంచే జీబ్రాచేప అది.

ఒంటి పొడవునా నీలిచారలున్న ఈ చేప మన దేశపుదే. గంగానది చేపల గురించి 1822లో అచ్చయిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. జన్యుశాస్త్రంలోకి తెచ్చినవాడు అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు జార్జ్ స్ట్రైసింగర్. దీని పిండం తల్లి ఒంటి బయట, గాజులాంటి గుడ్డులో ఎదుగుతుంది. ఒక్కరోజుకే గుండె కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఇందులో సాటి జన్యువులున్నాయి. ఏ జన్యువు చెడితే ఏ అవయవం తప్పుతుందో కళ్లారా చూడొచ్చు.

చెడిన జన్యువున్న వంశాన్ని నిలబెట్టడమే కష్టం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు చెడ్డ ప్రతే అందిన పిల్ల చాలాసార్లు కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది. కాబట్టి దాచుకోవలసింది దాని తల్లిదండ్రులను. ఒక మంచి ప్రతి, ఒక చెడ్డ ప్రతి మోసే ఆ వాహకాలు చూపుకు మామూలు చేపలే. వాటిని పోల్చుకోవడానికి చేపకు మత్తిచ్చి, తోకరెక్క కొసను రవ్వంత కత్తిరించి డీఎన్ఏ పరీక్ష చేస్తారు. రెక్క మళ్లీ మొలుస్తుంది. ఫలితం వచ్చేదాకా ఏ చేప ఏ డబ్బాలో ఉందో లెక్క తప్పకూడదు. రెండు వాహకాలను జతకడితే పిల్లల్లో నాలుగోవంతుకు లోపం బయటపడుతుంది. అది పరిశోధనకు. వంశం కోసమైతే వాహకాన్ని వేరే తొట్టిలోని మామూలు చేపతో జతకడతారు, మంద పొట్టేలును మార్చినట్టే. పుట్టినవాటిలో సగం వాహకాలు. మళ్లీ పరీక్ష మొదలు.

నీరు 28.5 డిగ్రీల వెచ్చన ఉండాలి. రోజుకు 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి. సాయంత్రం ఆడ, మగ చేపల మధ్య అడ్డుపలక పెట్టి, పొద్దున దీపం వెలగగానే తీసేస్తే గుడ్లు పెడతాయి. తమ గుడ్లను తామే తినేస్తాయి గనుక, గుడ్లు కిందికి జారిపోయేలా అడుగున జల్లెడ అమరుస్తారు. పిల్లలు మూడు నెలలకు ఈడుకొస్తాయి. ఏడాదిన్నర దాటితే కాపు తగ్గుతుంది. ఆలోగా తర్వాతి తరం సిద్ధం కాకపోతే వంశం ఆరిపోతుంది. అందుకే మగచేపల వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచిపెడతారు.

అంతకన్నా గట్టి భద్రత పదిమందికీ పంచడం. ఒకచోట మోటారు ఆగి తొట్టి పోయినా, ఇంకోచోట వంశం ఉంటుంది. పెద్దచేపలను పంపితే వాటి రోగాలూ వెంట వెళ్తాయి. అందుకని పలచటి బ్లీచింగ్ నీళ్లలో కడిగిన గుడ్లనో, గడ్డకట్టించిన వీర్యాన్నో పంపుతారు. జన్యువు పేరు, అందులో వచ్చిన మార్పు (మ్యుటేషన్) గుర్తు, పరీక్షించే పద్ధతి రాసివ్వకపోతే అందుకున్నవాళ్లకు అవి ఉత్త చేపలే. ఓరెగాన్‌లోని యూజీన్, జర్మనీలోని కార్ల్స్‌రూహె, చైనాలోని వూహాన్‌లలో ఈ వంశాలను కాపాడి, అడిగినవారికి అందించే కేంద్రాలున్నాయి.

స్ట్రైసింగర్ 1981 నాటి పరిశోధనలో 'గోల్డెన్' అనే లేతరంగు చేపను వాడుకున్నాడు. దాని రంగుకు కారణం ఏ జన్యువో అప్పటికి తెలియదు. 1984లో ఆయన పోయాడు. చేప బతికింది. 2005లో కారణం దొరికింది: ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు. మనిషి చర్మపు రంగులోనూ దానికి పాత్ర ఉందని తేలింది. దాని లేతఛాయ రూపం యూరప్ ప్రజలకూ మనకూ ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కూడా పాల్గొన్న అధ్యయనం చూపింది.

ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు పచ్చగా, ఒకరు చామనఛాయగా ఎందుకుంటారని మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అనుకునేదే. అందుకు జవాబులో ఒక ముక్క, ఇరవై నాలుగేళ్లు ఎవరెవరి తొట్లలోనో పెరిగిన చేప నుంచి వచ్చింది. ఆ ఏళ్లలో దానికి పూటపూటా మేత వేసినవాళ్లకూ ఆ జవాబులో వాటా ఉంది.