తెల్లని ఆకుకు తగిన చోటు

ఇంగ్లండులోని కెంట్‌లో సిసింగ్‌హర్స్ట్ అనే పాత కోట ఉంది. 1930లో రచయిత్రి వీటా సాక్‌విల్-వెస్ట్, ఆమె భర్త హెరాల్డ్ నికోల్సన్ శిథిలావస్థలో ఉన్న ఆ కోటను కొని, గోడల మధ్య గదులు గదులుగా తోటలు వేశారు. వాటిలో అందరికీ బాగా తెలిసినది 1949-50 చలికాలంలో నాటడం మొదలుపెట్టిన శ్వేతవనం. ఎరుపు, నారింజ వంటి గాఢమైన రంగులకు అందులో చోటు లేదు. తెల్లని పూలు, పచ్చని కంచెలు, బూడిద, వెండి రంగుల ఆకులతోనే దాన్ని కూర్చారు. గులాబీలు, లిల్లీలు కొన్ని వారాలు పూసి రాలిపోతాయి. ఆ తర్వాత తోటను నిలబెట్టేవి ఆకులే.

ఈ పద్ధతికి పునాది అంతకు ముందే పడింది. చిత్రకళ చదివిన గెర్ట్రూడ్ జెకిల్ (1843-1932) సర్రీలోని మన్‌స్టెడ్ వుడ్‌లో సుమారు 200 అడుగుల పూలమడి పెంచారు. రెండు చివరలా బూడిదరంగు ఆకుల మొక్కలు, వాటి నడుమ లేతరంగు పూలు. మడి మధ్యకు వచ్చేసరికి ఎరుపు, నారింజ. ఒక రంగుతో నిండిపోయిన కన్ను దానికి ఎదురు రంగును కోరుకుంటుందని ఆమె గమనించారు. ఎర్రపూల దగ్గర అలసిన కంటికి బూడిదరంగు ఆకు విశ్రాంతినిస్తుంది. దాని పక్కనున్న ఊదా, లేత నీలం పూలు మరింత తేటగా కనిపిస్తాయి.

పొద్దువాలాక వెండి ఆకు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ముందుగా మసకబారేది ఎరుపు. ఎర్ర మందారాలు నల్లబడి చీకట్లో కలిసిపోతాయి. తెల్లని ఆకు మాత్రం ఉన్న కాస్త వెలుగునూ తిప్పి పంపుతుంది. ఎండ చల్లారితే గాని డాబా ఎక్కలేని మన వేసవికి ఇది ఎంతో పనికొచ్చే గుణం.

అందం చూసి కొన్న ఇలాంటి మొక్కలు చాలా ఇళ్లలో మొదటి వానాకాలానికే కుళ్లిపోతాయి, లేదా ఎండకు మాడిపోతాయి. ఆకుకు తెలుపు ఎలా వచ్చిందో చూడకుండా చోటు ఎంచుకోవడమే అందుకు ముఖ్య కారణం. ఆ తెలుపు సాధారణంగా నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది నూగు. ఆకు మీద దట్టంగా అల్లుకున్న సన్నని కేశాలు ఎండను వెనక్కి కొడతాయి, ఆకు వేడెక్కకుండా, తేమ పోకుండా కాస్తాయి. అమెరికా ఎడారుల్లో పెరిగే ఎన్సీలియా ఫారినోసా అనే పొద వానలప్పుడు పచ్చని ఆకులు వేసి, కరువు ముదిరేకొద్దీ తెల్లని ఆకులు వేస్తుంది. సిసింగ్‌హర్స్ట్‌లోని ఆర్టిమీసియా, స్టాకిస్ మొక్కలు ఈ నూగు కోవవే. మన గుళ్లలో దేవుడికి సమర్పించే దవనం, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి కూడా ఆర్టిమీసియాలే. లేత జిల్లేడు ఆకు తెల్లదనమూ ఎక్కువగా నూగు వల్ల వచ్చిందే. నర్సరీల్లో దొరికే డస్టీ మిల్లర్, ల్యూకోఫిల్లమ్ ఈ కోవలోకే వస్తాయి. వీటికి నిండు ఎండ, నీరు నిలవని నేల కావాలి. నీడలో పెట్టి, ఎరువు ఎక్కువేసి, రోజూ తడిపితే ఆకు పచ్చబడి సాగిపోతుంది. నూగులో తడి చిక్కుకుంటే కుళ్లు మొదలవుతుంది.

రెండోది మైనపు పూత. కాబేజీ ఆకును వేలితో రుద్దితే బూడిదలాంటి పొర చెరిగి కింద పచ్చదనం కనిపిస్తుంది, అదే ఇది. మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్కియా తాటి, నీలిబూడిద రంగు అగేవ్‌లు ఇలాంటివి. ఇవీ ఎండ కోరేవే. చేత్తో తుడిచినా, మొక్కపై సబ్బునీళ్లు చల్లినా ఆ పూత దెబ్బతింటుంది.

మూడోది ఆకు పైపొర కింద చిక్కుకున్న గాలి. అల్యూమినియం ప్లాంట్, రెక్స్ బెగోనియా ఆకులపై వెండి మచ్చలు అలా మెరిసేవే. ఇవి అడవి నేలన, చెట్ల నీడన పెరిగే మొక్కలు. నిండు ఎండలో పెడితే మాడతాయి.

నాలుగోది పత్రహరితం లేకపోవడం. స్పైడర్ ప్లాంట్ తెల్లచారలు, స్నో బుష్ తెల్ల మచ్చలు ఇలా వచ్చినవే. ఆ భాగం ఆహారం తయారు చేయలేదు కాబట్టి మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. మధ్యాహ్నపు ఎండ తగలని, వెలుతురున్న చోటు వీటికి సరిపోతుంది. పూర్తి పచ్చని కొమ్మ వస్తే వెంటనే మొదలంటా కత్తిరించాలి. ఊరుకుంటే బలమైన ఆ కొమ్మ మొక్కంతా ఆక్రమిస్తుంది.

కారణం తెలిశాక కూర్పు సులువవుతుంది. అన్నీ తెల్లవే నాటితే తోట వెలిసిపోయినట్టు ఉంటుంది. సిసింగ్‌హర్స్ట్‌లో తెలుపును ఎత్తి చూపేది చుట్టూ ఉన్న ముదురుపచ్చని కంచె. రంగు ఒకటే అయినప్పుడు ఆకారాలు వేరవ్వాలి. అక్కడ మనిషిని మించి పెరిగే ఓనోపోర్డమ్ అనే ముళ్ల మొక్క దగ్గర చీలికల ఆర్టిమీసియా, నేలకు అంటుకుని స్టాకిస్ ఉంటాయి. డస్టీ మిల్లర్‌కు పసుపు మొగ్గలొస్తే తుంచేయడం మంచిది. అప్పుడు బలం ఆకులకే వెళుతుంది.

నీరు తక్కువైన నేలకు ఇంగ్లండులోనే మరో ఉదాహరణ ఉంది. ఎసెక్స్‌లో తోటల పెంపకందారు బెత్ చాటో కార్లు నిలిపే కంకర నేలను 1990ల మొదట్లో తోటగా మార్చారు. దానికి నీళ్లు పెట్టరు. అక్కడి వాన ఏటా దాదాపు 500 మి.మీ., ఇంచుమించు మన అనంతపురం లెక్క. మన ఎండ చాలా ఎక్కువ కాబట్టి ఆ మొక్కలనే తెచ్చి నాటలేం, ఆ పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు. రాయలసీమ, తెలంగాణల ఎర్ర నేలల్లో ఇసుక, కంకర కలిపి మడి ఎత్తుచేసి నూగు ఆకులు నాటండి. ఉక్క ఎక్కువగా ఉండే కోస్తాలో మైనపు పూతవి, తెల్లచారలవి మేలు. అక్కడ నూగు మొక్కలు పెంచాలంటే కుండీలో పెంచి, వానాకాలంలో చూరు కిందికి జరపండి. నీళ్లు ఉదయంపూట, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు తిరిగే చోట దాన్ని పెట్టకండి.

ఈసారి నర్సరీకి వెళ్లినప్పుడు వెండి ఆకు కనబడితే ధర అడిగే ముందు ఒకసారి వేలితో మెల్లగా తాకి చూడండి. నూగా, పూతా, లోపలి మెరుపా, పచ్చదనం లేని మచ్చా తేల్చుకోండి. మీ ఇంట్లో దానికి తగిన చోటు ఉంటేనే కొనండి.