ఏ గొంతుకు ఏ పాఠం

“మా అమ్మాయి కీర్తన ఎప్పటికి పాడుతుందండీ?” సంగీతం మాస్టారింటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ తల్లిదండ్రులు అడిగే మొదటి మాట ఇదే. ఏడాదికా, రెండేళ్లకా? ఏదో ఒక లెక్క కావాలి వాళ్లకి. బడిలో ఒకటో తరగతి అయ్యాక రెండో తరగతి వచ్చినట్టే సంగీతంలోనూ వస్తుందనుకుంటారు. నేను చూసినంతలో మంచి గురువులు ఆ ప్రశ్నకి తొందరపడి జవాబు చెప్పరు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తంబురా పెట్టి, “స అను తల్లీ” అంటారు. గొంతు ఏ శ్రుతిలో హాయిగా నిలుస్తోంది, చెవి శ్రుతిని పట్టుకుంటోందా, ఊపిరి ఎంతసేపు ఆగుతోంది అన్నవి ఆ ఒక్క స్వరంలోనే తెలిసిపోతాయి. ఏ పాఠం ఇవ్వాలన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది.

కర్ణాటక సంగీతంలో పాఠాల వరస మనకి కొత్తది కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కృతులు. 16వ శతాబ్దపు కన్నడ వాగ్గేయకారుడు పురందరదాసు దీనికి ఆద్యుడని సంప్రదాయం. నాలుగైదు వందల ఏళ్లుగా లక్షల గొంతులు ఎక్కిన మెట్లివి. మెట్లు అందరికీ ఒకటే. ఎవరిని ఏ మెట్టు మీద ఎంతకాలం నిలబెట్టాలన్నది మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. అది తేల్చుకోవాలంటే ఏ మెట్టు ఏం పని చేస్తుందో ముందు తెలియాలి.

సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలోనే ఎందుకు చెబుతారు? 72 మేళకర్తల్లో ఇది 15వది. ఇందులో స పక్కనే అంటుకున్నట్టు రి ఉంటుంది. రి నుంచి గ దాకా పెద్ద ఎడం. గ పక్కనే మళ్లీ మ. పైన ప, ద, ని, స కూడా అచ్చం ఇదే కొలతలో నడుస్తాయి. కింది సగం పట్టుబడితే పై సగం దానంతటదే దారికొస్తుంది. రి షడ్జాన్నీ, ద పంచమాన్నీ ఆనుకుని ఉంటాయి కనుక అవి రవ్వంత జారినా చెవి వెంటనే పట్టేస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు. అదే పాఠాన్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడిస్తారు. మొదటి కాలంలో స్వరం నిలబడటం, మూడో కాలంలో స్వరం చెదరకపోవడం నేర్చుకుంటాం.

జంట స్వరాల్లో అసలు కిటుకు రెండో స్వరంలో ఉంది. దాన్ని కింది స్వరాన్ని తాకి నొక్కి పలకాలి. రెండూ ఒకే బరువుతో పలికితే అది ఒకే స్వరాన్ని రెండుసార్లు అనడమే అవుతుంది. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, విత్తనం పడేది ఇక్కడే. చాలాచోట్ల ఈ పాఠాన్ని పది రోజుల్లో దాటించేస్తారు. తర్వాత కృతుల్లో గమకం పలకడం లేదని బాధపడతారు. దాటు స్వరాలు గొంతుకి గెంతడం నేర్పుతాయి. అలంకారాలు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాల్లో చేతికీ నోటికీ పొత్తు కుదురుస్తాయి. ధ్రువతాళానికి 14 అక్షరాలు, ఏకతాళానికి 4. తర్వాత మలహరి రాగంలో వినాయకుడి మీద గీతం వస్తుంది. స్వరం వెంట సాహిత్యం నడవడం పిల్లలు మొదటిసారి చూసేది అందులోనే. ఆ రోజు వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

ఇక వర్ణం. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం, చరణం, చిట్టస్వరాలు, వీటిలో రాగం నడక మొత్తం ఒదిగి ఉంటుంది. దాన్ని రెండు కాలాల్లో, అకారంతో కూడా పాడగలిగితే గొంతు తయారైందన్నమాట. కచేరీలో విద్వాంసులు తొలి పాటగా వర్ణం ఎత్తుకుంటారంటే, నలభై ఏళ్లు పాడిన గొంతుకి కూడా అది కావాలనే అర్థం.

ఇప్పుడు వయసు సంగతి. నాలుగైదేళ్ల పిల్లలకి సరళీ స్వరాలు మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఆ వయసులో చెవి పుస్తకం లాంటిది. ముందు అందులో రాయాలి. తాళం వేయడం, శ్రుతి వినడం, చిన్న చిన్న పాటలు, రోజుకి పదిహేను నిమిషాలు మించకుండా చాలు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండు బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాలు ఈ వయసుకి చక్కగా సరిపోతాయి. అవి దాదాపు నలభై ఉన్నాయి. గమకాలు లేని నేరుస్వరాలు, గంతులేసే నడక. పిల్లలు ఆడుకుంటూ పాడేస్తారు, శ్రుతి మాత్రం తప్పరు. ఏడేళ్లు దాటాక అసలు పాఠం మొదలుపెడితే, పదకొండు, పన్నెండేళ్లకి వర్ణాల దాకా రావచ్చు. ఈ నాలుగైదేళ్లలో గొంతుకి పడ్డ ముద్ర జీవితాంతం పోదు.

ఆ తర్వాత వచ్చే వయసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మగపిల్లలకి పన్నెండు, పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతుంది. కొన్ని నెలల్లోనే శ్రుతి దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్న పలికిన తారషడ్జం ఇవాళ పలకదు, పలికినా చీలిపోతుంది. నాకు పదమూడో ఏట అలాగే అయింది. అప్పటికి తోడిలో వర్ణం పాడుతున్నాను. నేర్పే మాస్టారు శ్రుతి తగ్గించలేదు. “సాధన తగ్గింది, అందుకే” అన్నారు. నేనూ అదే నమ్మి పొద్దున్నే లేచి గొంతు చించుకున్నాను. మూడు నెలలకి గొంతు బొంగురుపోయి, సంగీతం పుస్తకం అటక మీదికి చేరింది. మళ్లీ దించడానికి ఆరేళ్లు పట్టింది. తప్పు గొంతుది కాదని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఆరేళ్లూ మిగిలేవి. అందుకే కొడుకుల్ని సంగీతానికి పంపే తల్లిదండ్రులకి గట్టిగా చెబుతున్నాను: గొంతు మారేటప్పుడు పాఠం మానిపించకండి, పాఠం మార్పించండి. శ్రుతి దించాలి. తారస్థాయి పక్కన పెట్టి మంద్రంలో మెల్లగా పాడించాలి. నవరోజు, కురంజి లాంటి రాగాలు సంప్రదాయంగా తారషడ్జం దాకా వెళ్లవు, మన లాలి పాటలు, జోల పాటలు కొన్ని ఇలాంటి రాగాల్లో ఉండటం ఊరికే కాదు. ఆ ఏడాది రెండేళ్లూ మృదంగం మీద త, ధి, తొం, నం కొట్టించినా, లయ నేర్పినా, పెద్దల కచేరీలు వినిపించినా కాలం వృథా పోదు. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో కొంచెం మారుతుంది. అయితే వాళ్లలో అది బయటికి అంతగా కనబడదు.

నలభై దాటాక సంగీతం మొదలుపెట్టే వాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆఫీసు నుంచి వచ్చి, పక్కన ఎనిమిదేళ్ల పిల్ల గలగలా పాడేస్తుంటే, తాను ‘స’ దగ్గర ఆగిపోవడం చిన్న పరీక్ష కాదు. పెద్దవాళ్లకి స్వరస్థానాలు, తాళాలు ఒక్కరోజులో అర్థమవుతాయి. గొంతుకి అవి ఎక్కడానికి మాత్రం ఏడాది పడుతుంది. ఈ ఎడమే వాళ్లని కుంగదీస్తుంది. వాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: నెలకో కొత్త కీర్తన అడగకండి. ఒక్క వర్ణాన్ని ఆరు నెలలు పాడండి. తెల్లవారుజామున ఇరవై నిమిషాలు మంద్రస్థాయిలో, అకారంతో, ఫోనులో శ్రుతి పెట్టుకుని చాలు. వారానికి ఒక్కసారి రెండు గంటలు పాడటం కన్నా ఇది ఎంతో మేలు.

అరవై దాటి భక్తి కోసం వచ్చే అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఏడాదిపాటు సరళీ స్వరాలు చెప్పడం న్యాయం కాదు. శ్రుతి కుదరడానికి కొన్ని వారాలు స్వరాలు, ఒకటి రెండు అలంకారాలు పాడించి, త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలూ ఉత్సవసంప్రదాయ కీర్తనలూ ఇవ్వాలి. చాలా దివ్యనామాల్లో చరణాలన్నీ ఒకే బాణీలో నడుస్తాయి. ఒకరు పాడితే నలుగురు అందుకోవచ్చు. అన్నమయ్య, రామదాసు కీర్తనల్లోనూ ఇలాంటివి బోలెడు. పాతికేళ్ల వయసులో ఐదో శ్రుతిలో పాడిన ఆవిడ ఇప్పుడు నాలుగులో పాడితే చిన్నతనమేమీ లేదు. గొంతు వయసుతో దిగుతుంది, శ్రుతీ దానితో దిగాలి.

ఆశయాన్ని బట్టి కూడా పాఠం మారుతుంది. “సినిమా పాటలు పాడాలి, శాస్త్రీయం ఎందుకు?” అని అడిగే కుర్రవాళ్లు చాలామంది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల వైపు వాళ్లు ఒకసారి చూడాలి. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల అక్కడ చదువుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాఠం చెప్పించుకున్నారు. పి. సుశీల కూడా ఆ కళాశాల విద్యార్థినే. పద్ధతిగా శాస్త్రీయం నేర్చుకోని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ సినిమాలో పాడి జాతీయ పురస్కారం అందుకున్నారన్నదీ నిజమే. అంతటి చెవి ఉన్నవాళ్లకి దారి దానంతటదే తెరుచుకుంటుంది. మిగిలిన మనకి వర్ణాల దాకా వెళ్లడమే క్షేమం. ఆ తర్వాత మైకు ముందు పాడటం, పాటలోని మాటని పలకడం విడిగా నేర్చుకోవచ్చు.

సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకి చదివే పిల్లలకి లక్షణం, రాగాల ఆరోహణ అవరోహణలు కంఠస్థం కావాలి. మంచిదే. పరీక్ష కోసం పదిహేను కృతులు గబగబా నేర్పి, ఒక్కదానిలోనూ రాగం పలికించని చోటు నుంచి మాత్రం పిల్లల్ని తీసుకొచ్చేయండి. కచేరీ ఆశయమైతే లెక్క వేరు. అక్కడ మనోధర్మం కావాలి. ఆలాపన, నెరవు, కల్పనస్వరం, ఇవన్నీ గురువు ఎదుట కూర్చుని ఏళ్ల తరబడి విని పట్టుకోవాల్సినవి.

ఈ సందర్భంలో శ్రీపాద పినాకపాణి గారిని తలచుకోకుండా ఉండలేను. వృత్తిరీత్యా వైద్యులు. ఆ వృత్తిలో ఉంటూనే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులకి సంగీతం చెప్పారు. గమకాలతో సహా స్వరపరిచి ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలు రాశారు. 1983లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు, 2013లో నూరో ఏట కన్నుమూశారు. ఉద్యోగం, సంగీతం రెండూ కుదరవనే వాళ్లకి ఇంతకన్నా పెద్ద జవాబు తెలుగు నేల మీద లేదు.

వాయిద్యాల గురించి క్లుప్తంగా చెబుతాను. వీణ మీద 24 మెట్లు ఉంటాయి కనుక స్వరస్థానం కంటికి కనబడుతుంది, తీగ లాగి గమకం పలికించడంలోనే కష్టమంతా. చిన్నపిల్లల చేతికి అందదు, పదేళ్లు రానివ్వండి. వయొలిన్‌కి మెట్లు లేవు, చెవే దిక్కు. పిల్లలకి చిన్న సైజులు దొరుకుతాయి. ఏ వాయిద్యమైనా, దానితోపాటు గాత్రం కొంతైనా నేర్చుకోవాలి. నోటితో పాడలేని స్వరాన్ని వేలు వెతుక్కోలేదు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు ఇప్పుడు ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది, ఆయన పంచరత్న కీర్తనలు బృందంగా పాడుతున్నారు. ఆన్‌లైన్ పాఠంలో ఒక చిక్కుంది: మాట చేరడంలో ఆలస్యం వల్ల గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు. ఒకరు పాడి ఆపాకే మరొకరు అందుకోవాలి. కలిసి పాడేటప్పుడు గురువు గొంతులోంచి శిష్యుడి గొంతులోకి దిగేది ఏదో ఉంది, అది తెర మీద దిగదు. సెలవులకి వచ్చినప్పుడు రెండు మూడు వారాలైనా ఎదురుగా కూర్చోబెట్టాలి. ఇంకొకటి, సాహిత్యం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోనివ్వకండి. గీతాలతోపాటే తెలుగు అక్షరాలూ నేర్పండి. ల, ళ తేడా తెలియకపోతే త్యాగయ్య మాట సగం పోతుంది.

రాబోయే విజయదశమికి మీ పిల్లలకో, మీకో పాఠం మొదలుపెట్టాలనుకుంటే, ఫీజు మాట్లాడే ముందు గురువు గారిని అడిగి ఒక్క పూట వాళ్లింట్లో చాప మీద కూర్చోండి. ఏడేళ్ల పిల్లకీ, పద్నాలుగేళ్ల కుర్రాడికీ, అరవై ఏళ్ల ఆవిడకీ ఒకే శ్రుతిలో ఒకే పాఠం నడుస్తుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒక్కొక్కరికి శ్రుతి మార్చి, ఒక్కొక్కరి దగ్గర పాఠం ఆపి, “మళ్లీ అను నాన్నా” అంటుంటే అక్కడే చేర్పించండి.