నాటకసమాజముల ధనాధారము - నాటకరూపము

ఆంధ్రనాటకములను విమర్శించువారు సామాన్యముగా వస్తువు, నేత, రసము అను మూడింటినే పరామర్శింతురు. ఆటకు ధనమెవ్వరిచ్చిరను ప్రశ్నము అలంకారశాస్త్రమునకు వెలియైనదని వారి తలంపు కాబోలు. కాని యీ ప్రశ్నమును విడిచినచో రంగస్థలమున నాటకము పొందిన రూపభేదములు పెక్కింటికి హేతువు దొరకదు.

విజయనగరమున 1892 వ సంవత్సరమున జగన్నాథవిలాసినీసభవారు కన్యాశుల్కమును ప్రదర్శించిరి. 1897 నాటి ముద్రణము ఆనందగజపతి మహారాజునకు అంకితమైనది. సంస్థానాశ్రయమున వెలసిన యీ నాటకమునకు టిక్కెట్టు కొనువాని మెప్పు ప్రాణాధారము కాలేదు. పద్యగానము నపేక్షింపక వ్యావహారికసంభాషణమునే నమ్ముకొను సాహసమునకు గురజాడవారి ప్రతిభతోపాటు ఈ నిశ్చింతయు గొంత తోడ్పడినదనవచ్చును.

సురభివారి త్రోవ వేరు. 1885 లో కడపమండలమందలి సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాడించుటతో నారంభమైన యీ సమాజమునకు కుటుంబమే మూలధనము. నటన, వాద్యము, తెరలు, దీపములు సర్వమును ఇంటివారి చేతిపనియే. ఇతరసమాజములందు పురుషులే స్త్రీవేషములు ధరించు దినములలో వీరియింటి స్త్రీలు రంగమెక్కుటను సంస్కారమని మాత్రమే కొనియాడుట చాలదు. ఇంటిలో నటి యుండగా బయటివానికి వేతనమిచ్చు గృహస్థుడెవ్వడు? డేరాతో ఊరూర దిగి, ఒక్కచోట ననేకరాత్రులు ఆడవలసినవారికి నిన్న వచ్చిన ప్రేక్షకుడు నేడును రావలయును. మాయాబజారునందలి వింతలను చూచి ముఖము చిట్లించు పండితులు ఈ యక్కఱను గుర్తింపరు.

కంట్రాక్టు నాటకముల కథ మఱింత విచారణీయము. కంట్రాక్టరు పేరుమోసిన నటులను తలకొక యూరినుండి ఒక్క రాత్రికి బేరమాడి రప్పించును. వారు కలిసి పూర్వాభ్యాసము చేయుట కవకాశము లేదు. కావున అందఱకును కంఠస్థమైన నాటకమే కావలయును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములు అట్టివారికి పెన్నిధియైనవి. గోడప్రకటనపై పేర్లెక్కువైనకొలది టిక్కెట్లెక్కువ తెగును గనుక ఒక్క నాటకమున నిద్దఱు, ముగ్గురు కృష్ణులు పుట్టిరి. రాగము సాగినది; హార్మోనియము దానిని వెంబడించినది; వన్సుమోరు కేకలతో పద్యము మరల మరల పాడబడినది; సంధిప్రయత్నమున నున్న కృష్ణుని తొందర ఎవ్వరికిని జ్ఞాపకము లేకపోయినది. దీనినంతయు నటుల గర్వమని నిందించుట న్యాయము కాదు. నెలజీతములిచ్చి సమాజమును వర్షకాలము పోషించు శక్తి యెవ్వరికి నున్నది? వారిని ఒక్క రాత్రి కూలివాండ్రనుగా జేసినది ఆ లేమియే. కథైక్యము చెడెననుట సత్యమే. అయినను అక్షరము రాని రైతునోట జంటకవుల పద్యము నిలుచుటయు ఈ చెడిన నాటకముల చలవయే గదా!

1929 లో తెనాలియందు స్థాపితమైన ఆంధ్రనాటకకళాపరిషత్తు మొదలుకొని పోటీల పద్ధతి ప్రబలినది. అచట మెప్పింపవలసినది టిక్కెట్టు కొన్న జనమును గాదు, న్యాయనిర్ణేతలను. పోటీకి పోవు ఔత్సాహికులు ఉద్యోగములకు సెలవు పెట్టి, స్వంతఖర్చుతో బండియెక్కువారు. పరిషత్తులకై వ్రాయబడిన నాటికలందు పాత్రలేల నైదాఱుగురు, రంగమేల యొక్కగది అని అడుగు విమర్శకుడు భరతుని గ్రంథముతోపాటు రైలుకూలి లెక్కనుగూడ ఒకమాఱు చూడవలసియున్నది.