యజమాని చేతికే తాళంచెవి

చిన్న దుకాణానికి వెబ్‌సైట్ కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. కట్టాక దాన్ని యజమాని చేతిలో పెట్టగలిగేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆత్రేయపురం పూతరేకుల దుకాణమే అనుకోండి. పనితెలిసిన డెవలపర్ వర్డ్‌ప్రెస్‌లో కోడంతా కనబడకుండా సర్ది, ముందు మూడే గడులు ఉంచుతాడు: పేరు, ధర, ఫొటో. ధర గడి కింద ‘అంకెలు మాత్రమే వేయండి’ అని తెలుగులోనే రాస్తాడు, ఎంత శ్రద్ధో! యజమానికి ఎడిటర్ హోదా ఇస్తాడు. థీమ్, ప్లగిన్ల జోలికి పోయే దారే ఉండదు. ఫోన్‌లో తీసిన భారీ ఫొటో 2560 పిక్సెళ్లకు దానంతటదే తగ్గుతుంది. పొరపాటున ఓ పేరా చెరిగిపోయినా రివిజన్లలో పాతది దొరుకుతుంది. నెయ్యి ధర పెరిగిన రోజున దుకాణం ఆవిడ ఎవరినీ బతిమాలకుండా, బేరాల మధ్యే కొత్త ధర పెట్టేస్తారు. మీరు సైట్ చేయించుకునేటప్పుడు ఈ సౌకర్యం అడిగి మరీ పెట్టించుకోండి.