తులసి వాసనకు వచ్చే ఈగ

హైదరాబాద్ శివారు బోడుప్పల్ మిద్దెతోటల్లో బీర, కాకర పాదులను దెబ్బతీసే వాటిలో పండు ఈగ ముఖ్యమైనది. ఆడ ఈగ లేత పిందె మీద వాలి, తోక చివరి సూదిని గుచ్చి తొక్క కింద గుడ్లు పెడుతుంది. పోటు పడిన చోట జిగురు బొట్టు గడ్డకడుతుంది; పిందె వంకర తిరిగి, పసుపుపచ్చబడి రాలుతుంది. కోసి చూస్తే తెల్లటి పురుగులు. వాటిలో కొన్ని నడుం వంచి చటుక్కున దూకుతాయి కూడా.

పండు ఈగలను పట్టేది వాసనతో. ఆ కిటుకు బీహార్‌లోని పూసాలో బయటపడింది. సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు మూగుతున్నాయని, వచ్చినవి మగవేనని కీటక శాస్త్రవేత్త హౌలెట్ 1912లో రాశాడు. మిథైల్ యూజినాల్ అనే పదార్థానికి అవి ఎగబడతాయని 1915లో చెప్పాడు. మన పెరటి తులసి ఆకులోనూ ఈ పదార్థం ఉంటుంది. మామిడి మీద వాలే జాతిలో మగ ఈగ దీన్ని ఆబగా నాకి, ఒంట్లో వేరే రసాయనాలుగా మార్చి, పేగు చివరి గ్రంథిలో దాచుకుంటుంది. మునిమాపు వేళ ఆడదాన్ని పిలవడానికి వదిలేది వాటినే. తిన్నవాటికి జత తేలిగ్గా దొరుకుతుంది.

తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వంటివి పరిశోధిస్తున్న లింగాకర్షక ఎరల దారి వేరు. పత్తి చేలో కట్టే బుట్టలోని ఎర ఆడ రెక్కల పురుగు వాసనకు నకలు. పండు ఈగ బుట్టలో ఉండేది మగదాని తిండి.

బీర, సొర, కాకర మీద వాలేది వేరే జాతి. దానికి మిథైల్ యూజినాల్ పనికిరాదు, క్యూలూర్ అనే ఎర కావాలి. దుకాణంలో ‘పండు ఈగ ఎర’ అని మాత్రమే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. సొర పందిరికి మామిడి ఎర కడితే బుట్ట నిండినా కాయలు రాలుతూనే ఉంటాయి.

సరైన ఎర కట్టినా చిక్కేవి మగవే. పక్క మిద్దె మీద జతకట్టిన ఆడది ఎగిరొచ్చి గుడ్లు పెట్టిపోతుంది. పసిఫిక్‌లోని రోటా దీవిలో 1960ల్లో మిథైల్ యూజినాల్, పురుగుమందు పట్టించిన అట్టముక్కలను విమానాల నుంచి జారవిడిచి మామిడి ఈగను తుడిచిపెట్టారు. చుట్టూ సముద్రం ఉంది కాబట్టి కుదిరింది. బోడుప్పల్ కాలనీలకు ఉన్నవి ప్రహరీలే. వీధిలో అందరూ ఒకేసారి బుట్టలు కడితే కొంత నయం.

బుట్ట కంటే ముందు రాలిన కాయల సంగతి చూడాలి. పురుగు కాయను వదిలి కుండీ మట్టిలోకి దిగి అక్కడే ఈగగా మారుతుంది. కాయలను ఏరి, ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి ఎండలో పడేస్తే పురుగు లోపలే చస్తుంది.