కొండను చదివే పని
బైలడిల్లా ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి విశాఖ చేరడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. రెండో లైను కోసం ఆ కొండల్ని మళ్లీ తొలిచారు. ఇలాంటి చోట సొరంగాల సలహాదారు పనంటే నాకు ఎంతో గౌరవం. పేలుడు పొగ తగ్గాక రాతిముఖం దగ్గర నిలబడి సుత్తితో తడతాడు. ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా పలికితే ఊడిపడేది. చీలికలు ఎటు వాలాయో, నీరు ఎక్కడ ఊరుతోందో చూస్తాడు. తూర్పు కనుమల ఖోండలైటు రాయి వానకూ గాలికీ శిథిలమై మెత్తబడుతుంది. అక్కడ ఒక్కసారిగా ఎక్కువ తవ్వనివ్వడు. గడువు ఎంత తరుముతున్నా, అనుమానం వస్తే పని ఆపిస్తాడు. లోపల ఉన్నది మనుషులు! కాంక్రీటు చిమ్మించి, రాతిలోకి బోల్టులు దింపించాక కూడా పైకప్పు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో కొలిపిస్తూనే ఉంటాడు.